అటక మీది సామాను, మధురవాడ ఫ్లాటు

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారాలు. మావారు స్టీల్ ప్లాంటులో చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉక్కునగరం క్వార్టర్లోనే ఉన్నాం. సంక్రాంతిలోపు అది ఖాళీ చేసి, మధురవాడలో కొనుక్కున్న రెండు బెడ్‌రూముల ఫ్లాటుకి వెళ్లాలి. ఉండేది మేమిద్దరం, మా అత్తగారు. అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. సమస్యల్లా వంటింటి సామానే. అటక దింపితే హాలు నిండిపోయింది. కుక్కర్లే ఐదున్నాయి. నాన్‌స్టిక్‌వి ఏడో ఎనిమిదో, సగం ఫంక్షన్లలో వచ్చినవి. స్టీలు గిన్నెలకైతే లెక్కే లేదు. అత్తగారివి ఇత్తడి గుండిగలు, గంగాళం, కంచు గిన్నెలు, రాగి చెంబులు ఉన్నాయి. ఆవిడ పెళ్లికి శ్రీకాకుళం వైపు బుడితి నుంచి తెప్పించినవట. “ఒక్కటి కూడా గడప దాటనివ్వను” అంటున్నారు. మా అమ్మాయేమో “అన్నీ పాత సామాన్లవాడికి వేసెయ్యమ్మా, నేనొక మల్టీకుక్కర్ కొనిస్తా, అందులోనే అన్నీ అయిపోతాయి” అంటోంది. కొత్త వంటిల్లు ఎనిమిదడుగులకి ఏడడుగులు. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? ఏ గిన్నె పట్టుకున్నా ఏదో ఒకటి గుర్తొచ్చి మళ్లీ అక్కడే పెట్టేస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, ఉక్కునగరం, విశాఖపట్నం

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ హాల్లో పరిచిన సామానంతా ఒక గదిలోకి సర్ది తలుపు దగ్గరగా వేసెయ్యండి. అటక దింపి మొదలుపెట్టారు చూశారా, అక్కడే చిక్కొచ్చింది. “ఏం చేద్దాం, తర్వాత చూద్దాంలే” అనుకున్నవే అటకెక్కుతాయి. ఇన్నేళ్ల వాయిదాలన్నీ ఒక్కసారి కిందికి దింపుకుంటే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. మీరు మొదలుపెట్టాల్సింది సింకు దగ్గర.

రెండు వారాలు మీ ఇంట్లో ఎప్పటిలాగే వండుకోండి. కడిగిన గిన్నెల్ని మాత్రం పాత అరల్లో పెట్టకండి. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్కగా బోర్లించండి. మర్నాడు వంటకి ముందు ఆ బల్ల మీద వెతకండి, అక్కడ లేకపోతేనే అర తెరవండి. రెండు వారాలు తిరిగేసరికి ముగ్గురి వంటకి ఎంత సామాను చాలుతుందో ఆ బల్లే చెబుతుంది. ఒక పేజీలో రాసేసుకోవచ్చు.

ఆ రెండు వారాల్లో రాని సందర్భాలు కొన్ని ఉంటాయి. పండగ పిండివంటలు, చుట్టాలొచ్చిన ఆదివారం, అత్తగారి ఉపవాసాల వంట, ఊరగాయల రోజులు. వీటికి కావాల్సినవి విడిగా రాసుకోండి. అయితే నిజంగా మీ ఇంట్లో జరిగేవే రాయండి. అరిసెలు మూడేళ్లుగా స్వీటుషాపు నుంచే వస్తుంటే అరిసెల చెక్కలు ఆ పేజీలోకి ఎక్కకూడదు. మాగాయ ఇప్పటికీ మీ చేత్తోనే పెడుతుంటే ఆ జాడీకి ఎవరినీ వేలు పెట్టనివ్వకండి.

ఇక ఏ గిన్నె ఎన్ని పనులకొస్తుందన్న సంగతి. దుకాణంలో “ఇందులో అన్నీ చేసుకోవచ్చండీ” అని చెప్పేవి చాలా ఉన్నాయి. ఆ అన్నీలో మీవి ఎన్ని అన్నది మనం చూసుకోవాల్సిన లెక్క. కేకు, పాస్తా, పాప్‌కార్న్ అయ్యే పాత్ర మీకెందుకు? అన్నం, పప్పు, ఇడ్లీ, గుమ్మడికాయ బెల్లం పులుసు, వంకాయ వేపుడు, మినప రొట్టె, అత్తగారి చోడి (రాగుల) అంబలి. మీ ఇంట్లో వారం గడిచేది వీటితో అయితే, వీటిలో కనీసం మూడింటికి పనికొచ్చేదే బహుళ ప్రయోజన పాత్ర. ఒక్కటే వంటకి పనికొచ్చినా, ఆ వంట వారానికి మూడుసార్లు చేస్తుంటే అదీ ఉండాల్సిందే. ఇడ్లీ రేకుల్ని ఎవరైనా పారేస్తారా?

ముందు కుక్కర్లు. ఐదింట్లో రెండు చాలు. ముగ్గురికి రోజువారీ పప్పు, కూర ఉడకడానికి మూడు లీటర్లది. చుట్టాలొచ్చినప్పుడు, అన్నం పప్పు ఒకేసారి గిన్నెలు పెట్టి వండుకోవడానికి, విజిల్ తీసి ఇడ్లీలు వేసుకోవడానికి ఐదు లీటర్లది. ఐదు లీటర్లదాంట్లో మీ ఇడ్లీ స్టాండు పడుతుందో లేదో ఇవాళే పెట్టి చూడండి. పడితే పెద్ద ఇడ్లీ పాత్ర తీసెయ్యొచ్చు. మూత లోపలికి దూరే రకం కంటే బయట బిగించే రకం కొంచెం ఉపయోగం. మూత పక్కన పెట్టేసి మామూలు గిన్నెలా పోపు, పులావు చేసుకోవడానికి దాని మూతి విశాలంగా ఉంటుంది.

ఏ రెండన్నది పాతదనాన్ని బట్టి కాదు, అడుగుని బట్టి ఎంచుకోండి. ఒక్కోదాన్నీ ఖాళీగా గట్టు మీద పెట్టి వేలితో ఒక పక్క నొక్కండి. టకటకమని ఊగిందంటే అడుగు ఉబ్బిందన్నమాట. నీళ్లింకిపోయి మాడినప్పుడు అలా అవుతుంది. అది పొయ్యి మీద తిన్నగా కూర్చోదు, ఇండక్షన్ మీద సరిగ్గా పనిచెయ్యదు. తర్వాత మూత తిప్పి సేఫ్టీ వాల్వు చూడండి, గాస్కెట్ వేలితో సాగదీసి చూడండి. బిరుసెక్కిన గాస్కెట్ మార్చుకోవచ్చు. కానీ దానికి సరిపోయే గాస్కెట్టు, వాల్వు ఇప్పుడు బజార్లో దొరకని మోడలైతే ఆ కుక్కర్ ఎంత మంచిదైనా పాత సామానే. లోపల సుమారు 120 డిగ్రీల వేడితో ఆవిరి పట్టి ఉంచే వస్తువు అది. దాంతో సర్దుబాట్లు వద్దు. అలాంటివి పనమ్మాయికి “నువ్వు వాడుకో” అని ఇవ్వనూ వద్దు. పాత ఇనప సామాన్లవాడికే వెయ్యండి. కొత్తది కొనాల్సి వస్తే ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోండి. 2021 ఫిబ్రవరి నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఆ గుర్తు తప్పనిసరి.

ఇనప మూకుడు ఒకటి, ఖాయంగా. మీ ఇంట్లో చిన్నదీ పెద్దదీ రెండూ ఉండే ఉంటాయి. పది అంగుళాలది ఉంచుకోండి. వేపుళ్లు, మినప రొట్టె, వడియాలు, పండగనాటి జంతికలు అన్నీ అందులోనే నడిచిపోతాయి. చింతపండు పులుసు మాత్రం అందులో వద్దు. పులుపు తగిలితే ఇనుము వదిలి రుచి మారుతుంది, రంగు నల్లబడుతుంది, మూకుడుకి పట్టిన నూనె పొర కూడా పోతుంది. మన ఊళ్లో ఇంకో తలనొప్పి ఉంది కదా, ఉప్పు గాలి. రాత్రి కడిగి గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పొడి కనిపిస్తుంది. కడగగానే ఒక్క నిమిషం పొయ్యి మీద పెట్టి తడి ఆర్చి, వేడి మీదే గుడ్డతో చుక్క నూనె రాసెయ్యండి. ఇప్పటికే తుప్పు పట్టి మూలపడ్డ మూకుడుందంటే దాన్ని పారెయ్యకండి. ఇనుము తుప్పు పట్టినా చావదు. బాగా తోమి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాచి చల్లార్చడం, ఇలా నాలుగైదుసార్లు చేస్తే మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది.

పెనాల దగ్గర మాత్రం నేను పిసినారితనం చెయ్యమనను. అట్లకి ఒకటి, చపాతీలకి ఒకటి, రెండూ ఉంచుకోండి. ఒక్క పెనంతో సరిపెట్టుకోండని చెప్పేవాళ్లు ఎప్పుడూ అట్టు పొయ్యలేదనిపిస్తుంది నాకు. చపాతీలు పొడి వేడి మీద కాలతాయి, పిండి రాలి మాడుతుంది, పెనం మీది నూనె పొర ఎండిపోతుంది. మర్నాడు అట్టు పోస్తే పెనాన్ని పట్టుకుని వదలదు. సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దితే దారికొస్తుంది గానీ, పొద్దున్నే ముగ్గురు ప్లేట్లు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ ఓపిక ఎవరికుంటుంది? రెండు పెనాలు నిలబెట్టి పెడితే మూడంగుళాల చోటు కూడా పట్టదు.

స్టీలు గిన్నెలు. ఉక్కునగరంలో ఉండేవాళ్లింట స్టీలు సామానుకి లెక్కలేదంటే నవ్వొచ్చింది. మీ వారి ప్లాంటులో వచ్చేది కడ్డీలు, వైరు రాడ్లు, నిర్మాణాలకి వాడే స్ట్రక్చరల్స్. వంటగిన్నెల స్టెయిన్‌లెస్ స్టీలు ఊసే అక్కడ లేదు. సరే, మీ లెక్కలేని గిన్నెల్లో తొంభై శాతం పల్చటి రేకువే అయ్యుంటాయి. అవి వడ్డించడానికి, ఫ్రిజ్‌లో పెట్టడానికే తప్ప పొయ్యి మీదికి పనికిరావు. పాలు పెట్టి పక్కకి తిరిగేలోపు అడుగంటుతాయి. పొయ్యి మీదికి అడుగు మందంగా ఉన్నవి రెండు చాలు. మూడు లీటర్లది పులుసుకీ, సాంబారుకీ, పాయసానికీ. లీటరున్నరది పాలకీ, అంబలికీ, టీకీ. అలాంటివి మీ దగ్గర లేకపోతే మీరు డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు ఇదొక్కటే. మూడు పొరల ట్రైప్లై గిన్నె ఒకటి, మూతతో సహా. మధ్య పొర అల్యూమినియం కాబట్టి వేడి అడుగంతా సమంగా పాకుతుంది. లోపల తగిలేది స్టీలే కాబట్టి చింతపండు, టమాటా, నిమ్మకాయ దేనికీ భయం లేదు.

మధురవాడలో ఇండక్షన్ స్టవ్ పెడదామనుకుంటున్నారేమో, మీరు రాయలేదు. ఆ ఆలోచన ఉంటే ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని గిన్నెల అడుగులకి పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. మామూలు స్టీలు గిన్నెలు చాలావాటికి పట్టుకోదు, సత్తు (అల్యూమినియం) గిన్నెలకి అసలు పట్టుకోదు, ఇనుముకి అతుక్కుపోతుంది. ఇండక్షన్ పెట్టుకున్నా గ్యాసు పొయ్యి మాత్రం తీసెయ్యకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో కరెంటు లేకుండా ఎన్ని పూటలు గడిపామో మీకూ గుర్తుండే ఉంటుంది. కరెంటు మీదే వంట ఆధారపడ్డ ఇళ్లలో ఆ వారం బిస్కెట్లే భోజనం.

అందుకే మీ అమ్మాయి మల్టీకుక్కర్ మీద నాకు సగం మార్కులే. వస్తువు చెడ్డదని కాదు. పప్పు, అన్నం దానంతటదే వండేసి వెచ్చగా ఉంచుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హాయి. అది వస్తే మీ వంటింట్లోంచి ఏది బయటికి వెళ్తుందో ముందే తేల్చుకోండి. ఏదీ వెళ్లకపోతే అది ఆరో కుక్కర్. అందులో అట్టు రాదు, వేపుడు మూకుట్లో వేగినట్టు వేగదు. “కొత్త ఇంట్లో రెండు నెలలు వండాక నేనే చెబుతాలే” అనండి అమ్మాయితో. ఎటూ కొనివ్వాలన్న సరదా ఉంటే ట్రైప్లై గిన్నె కొనిపించుకోండి, ముచ్చట తీరుతుంది.

నాన్‌స్టిక్‌ల గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. పూత గీతలు పడి, చెక్కులు లేచినవి తీసెయ్యండి. బాగున్నది ఒక్కటి, ఆమ్లెట్టుకో చేప ముక్కలు కాల్చుకోవడానికో ఉంచుకోండి. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఇంకా కాగితే విషపు పొగ వస్తుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోనెత్తడానికి వెళ్తే ఆ వేడి రావడానికి నిమిషాలు చాలు. ఇంట్లో చిలకల్లాంటి పక్షుల్ని పెంచుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఆ పొగకి అవి బతకవు. డబ్బా విప్పని గిఫ్టు నాన్‌స్టిక్‌లు ఉన్నాయేమో చూడండి. వాటిని కొత్తవిగానే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఇచ్చే ముందు డబ్బా లోపల “ఫలానా వారి శుభాకాంక్షలతో” కార్డు ఉందేమో చూసి తీసేస్తే మంచిది, చాలా ఇళ్లలో ఇక్కడే పరువు పోయింది.

సత్తు గిన్నెలు పల్చటివి, సొట్టలు పడ్డవి వెళ్లిపోవచ్చు. పులుసు, పెరుగు, ఊరగాయ వాటిలో ఎలాగూ పెట్టకూడదు. చేపల పులుసుకి మట్టి దాక వాడే అలవాటుంటే ఒకటి ఉంచుకోండి. లారీలో మాత్రం వెయ్యకండి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి. లేదా ఇక్కడిది ఎవరికైనా ఇచ్చి, అక్కడ కొత్తది కొని గంజి పోసి అలవాటు చేసుకోండి, చవకే.

గ్రైండరు, మిక్సీ రెండూ ఎందుకని చాలామంది అడుగుతారు. ఇడ్లీ, అట్టు పిండి వారానికి రెండుసార్లు రుబ్బుకునే ఇంట్లో టేబుల్ టాప్ గ్రైండరు ఉండాలి. మిక్సీలో పప్పు వేడెక్కుతుంది, పిండి అంతగా పొంగదు. పిండి ప్యాకెట్టు కొనుక్కునే ఇంట్లో గ్రైండరు ఎందుకు? మీరు ఏ ఇంటివాళ్లో మీకే తెలుసు. రుబ్బురోలు ఉంటే ఊళ్లో పెరడున్న చుట్టాలకి ఇచ్చెయ్యండి. ఫ్లాటు బాల్కనీలో పెట్టి మొక్క వేస్తామంటారు కొందరు. నాకు చూడబుద్ధి కాదు గానీ, అది వాళ్లిష్టం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, అత్తగారి ఇత్తడి. మీ ఉత్తరంలో మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని నాకు అర్థమైంది. ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. ఆవిడకి చెప్పకుండా ఒక్క చెంబు కూడా బయటికి పంపకండి. పెద్దావిడ కదా, గుర్తుండదులే అనుకుంటారు. ఆవిడకి ఏ చెంబు మీద ఎవరి పేరు చెక్కి ఉందో, ఏ గుండిగలో ఎవరి పెళ్లికి పులిహోర కలిపారో నోటికొచ్చు. సంక్రాంతి నాడు ఒకటి కనపడకపోతే ఆ మాట మీ మధ్య పదేళ్లు నిలుస్తుంది.

“ఇవి తీసేద్దాం అత్తయ్యా” అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. “అత్తయ్యా, కొత్త వంటింట్లో మీ సామాన్లకి ఒక అర పూర్తిగా వదిలిపెడుతున్నాను, మీకు ఏవి కావాలో మీరే ఏరండి” అని అడగండి. అర పొడవు, లోతు టేపుతో కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీసి చూపించండి. వస్తువులన్నీ చుట్టూ పెట్టి ఆవిడకి కుర్చీ వెయ్యండి. ఒక పూటలో తేలే పని కాదు, నాలుగు రోజులివ్వండి. ఒక్కోదాని కథా చెబుతారు, వినండి. ఫోనులో రికార్డు చేసుకుంటే అమ్మాయికి కూడా పనికొస్తుంది. గీత లోపల పట్టేది ఏమిటో ఆవిడే తేలుస్తారు. నాకు తెలిసి పెద్దగుండిగ ముందు పక్కకి జరుగుతుంది, ఎందుకంటే దాన్ని ఎత్తలేమని అందరికంటే బాగా ఆవిడకే తెలుసు.

పక్కకి జరిగినవాటిని తూకానికి వెయ్యడం నా దృష్టిలో ఆఖరి మార్గం. మరిదిగారో, ఆడపడుచో ఊళ్లో ఉంటే, వాళ్లింట్లో పెళ్లిళ్లు, అన్నదానాలు జరుగుతుంటే గుండిగలు అక్కడికి వెళ్లడం సబబు. ఆవిడ చేత్తోనే ఇప్పించండి. వాళ్ల ఊరి గుడికిచ్చినా ఆవిడ కాదనరు, పేరు చెక్కించి ఇస్తే ఇంకా సంతోషిస్తారు.

అమ్మాల్సే వస్తే కొన్ని జాగ్రత్తలు. బుడితి వస్తువులంటున్నారు కాబట్టి ముందు వాటి విలువ తెలుసుకోండి. బుడితి శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని ఊరు. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. చేత్తో చేసిన పాత కంచు గిన్నెని పాత సామాన్ల లెక్కన తూచి ఇచ్చెయ్యడం నాకైతే మనసొప్పదు. రాగి, ఇత్తడి, కంచు మూడింటినీ ముందే మూడు కుప్పలు చెయ్యండి. అన్నీ కలిపి ఒకే తూకం వేసి ఇత్తడి ధర కట్టేవాళ్లు ఉంటారు. రాగికీ, కంచుకీ ఇత్తడి కంటే ఎక్కువ పలుకుతుంది. రాగి ఎరుపు, దాన్ని ఎవరైనా పోల్చుకుంటారు. ఇత్తడికీ కంచుకీ తేడా తెలియాలంటే గిన్నెని అరచేతిలో పెట్టుకుని చెంచాతో అంచు మీద మెల్లగా కొట్టండి. కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. కంచు గిన్నె కింద పడితే పగుళ్లిస్తుంది, కాబట్టి ఈ పరీక్ష మంచం మీద కూర్చుని చెయ్యండి. ఇంట్లో తూచుకుని, రెండు కొట్లలో ధర అడిగాకే బేరం మాట్లాడండి.

ఉంచుకున్నవాటిలో రెండైనా వంటకి వాడితే బాగుంటుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే పచ్చగా చిలుమెక్కుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి వేయిస్తారు. మీ గిన్నె లోపలి భాగం వెండిలా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టు. మచ్చలు మచ్చలుగా పసుపు కనపడుతుంటే అరిగిపోయినట్టు, అందులో వండకూడదు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత్రల కొట్లలో అడిగితే కళాయి వేసేవాళ్ల జాడ చెబుతారు. పని చేసేవాళ్లు తగ్గిపోయారు, ఇచ్చిన రోజే చేతికి రాదు. గృహప్రవేశానికి పాలు పొంగించే గిన్నె అత్తగారిదే పెట్టాలనుకుంటే, నా సలహా కూడా అదే, నెల ముందే కళాయికి ఇచ్చెయ్యండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టి మంట వెలిగిస్తే వేయించిన కళాయి కాస్తా పోతుంది. పాలు పోశాకే పొయ్యి వెలిగించండి. స్టీలు పీచుతో తోమకండి.

ఇంక మిగిలిన స్టీలు గిన్నెల గుట్ట, పేర్లు చెక్కినవి. “చి.ల.సౌ. ఫలానా వివాహ సందర్భముగా” అని రాసి ఉన్న గిన్నె ఎవరికైనా ఇవ్వాలంటే చెయ్యి ఆడదు. ఇచ్చేయొచ్చు. ఆ పెళ్లివాళ్లు ఎవరూ మీ ఇంటికొచ్చి గిన్నె చూపించమనరు. పెద్ద డబరాలు, బేసిన్లు, బకెట్లు అనాథాశ్రమాలకీ, వృద్ధాశ్రమాలకీ బాగా ఉపయోగపడతాయి. కానీ ముందు ఫోన్ చేసి ఏవి కావాలో అడగండి. మనకి పనికిరానివన్నీ కారులో వేసుకెళ్లి వాళ్ల గుమ్మంలో దింపితే వాళ్లకీ అటకే గతి. పనమ్మాయిని ముందే పిలిచి, మంచి సామాన్లలోంచి తనకి నచ్చినవి తననే ఏరుకోమనండి. చివర మిగిలినవి ఇవ్వడం కంటే అది మర్యాద. పాడైన మిక్సీ, రైస్‌కుక్కర్, కెటిల్ లాంటివి జీవీఎంసీ చెత్తబండిలో పడెయ్యకండి. అవి ఈ-వేస్ట్ కిందకి వస్తాయి. కొత్తది కొనేటప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యండి, లేదా ఈ-వేస్ట్ తీసుకునే గుర్తింపు ఉన్నవాళ్లకి అప్పజెప్పండి. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు ఉక్కునగరం గేటు దగ్గర కనపడితే మాత్రం దండం పెట్టి వెళ్లిపోండి. మనం గిన్నెలు తగ్గించుకునే పనిలో ఉన్నాం.

“ఇరవై మంది చుట్టాలొస్తే ఎలా?” అని మీరు అడగలేదు గానీ అడగబోతున్నారు. పన్నెండు కంచాలు, పన్నెండు గ్లాసులు ఉంచుకోండి. అంతకు మించి వస్తే పెద్ద గిన్నెలు, గరిటెలు, కంచాలు షామియానావాళ్లు అద్దెకిస్తారు, తోమే పని కూడా ఉండదు. ఏడాదికి ఒకసారి వచ్చే ఇరవై మంది కోసం ఎనిమిదడుగుల వంటింట్లో మూడొందల అరవై నాలుగు రోజులు వాళ్ల గిన్నెలకి అద్దె లేకుండా చోటివ్వడం ఎందుకు?

సీసాలు, ప్లాస్టిక్ డబ్బాల మీద నేనేమీ రాయను. కర్రీ పాయింటు నుంచి వచ్చిన డబ్బాలన్నీ తీసెయ్యండి, అంతే. కొత్త ఇంట్లో అరలకి రాకులు, బుట్టలు, ఆర్గనైజర్లు ముందే కొనకండి. సామాను దిగి నెల వాడుకున్నాక ఏ మూల ఏది కావాలో తెలుస్తుంది. బరువైన మూకుడు, కుక్కర్లు నడుము ఎత్తుకంటే కింద అరలో పెట్టుకోండి. అత్తగారి అర ఆవిడ చేతికందే ఎత్తులో ఉండాలి.

ఇక మూతలు. సర్దడంలో అందరూ మరిచిపోయేది వీటినే. బల్ల మీద చేరిన గిన్నెలు తేలాక ఇంట్లో ఉన్న మూతలన్నీ ఒకచోట పోసి, ఒక్కో గిన్నెకీ ఒక్కో మూత పెట్టి చూడండి. ఒకే మూత రెండు మూడు గిన్నెలకి సరిపోతే అది మొదట ఉంచుకోవాల్సింది. ఏ గిన్నెకీ పట్టని మూతలు ఎన్ని మిగులుతాయో మీరే చూస్తారు, వాటన్నిటినీ ఆ రోజే తూకానికి వేసెయ్యండి. ఎప్పుడో ఆ గిన్నె దొరుకుతుందేమోనని మాత్రం దాచకండి.